హిప్పోకాంపస్ తీసేస్తే ఎలుక దారి మర్చిపోతుందా?

కోతలప్పుడు ఎటు తరిమినా, చీకటి పడ్డాక కూడా ఎలుక గట్టులో తన కలుగులోకే ఎలా దూరుతోంది, వాసన పట్టుకునా, మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం తీసేస్తే దారి మర్చిపోతుందంటారు నిజమేనా అని అడిగారు. సగమే నిజం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, వరి చేలల్లో తిరిగి పెరిగాను, పీహెచ్‌డీ ఎలుకల జ్ఞాపకశక్తి మీదే చేశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఎలుక వాసన వాడుకుంటుంది, కాదనను. కానీ రిచర్డ్ మోరిస్ 1980ల మొదట్లో తెచ్చిన నీటి తొట్టి పరీక్షలో (మా ల్యాబ్‌లోనూ అదే చేసేవాళ్లం) పట్టుకుని పోవడానికి వాసన జాడ ఉండదు. పెద్ద గుండ్రటి తొట్టి, పాలపొడి కలిపిన తెల్లటి నీళ్లు, నీటిమట్టానికి కాస్త కింద కనపడకుండా ఒక చిన్న దిమ్మ, అంతే. ఎలుక మొదట్లో అంచు వెంబడే ఈదుతూ తిరుగుతుంది, కొద్ది రోజులకే ఏ పక్క వదిలినా తలుపునీ గోడ మీది బొమ్మల్నీ ఆనవాలు పెట్టుకుని నేరుగా దిమ్మ ఎక్కేస్తుంది. అప్పుడు దిమ్మ తీసేసి వదిలితే అది ఉండాల్సిన చోటే చుట్టూ తిరుగుతూ వెతుకుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరించేది, ఎందుకంటే అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు, ఆ చోటు ఉన్నది ఎలుక తలలోనే.

1982లో మోరిస్ బృందం హిప్పోకాంపస్ దెబ్బతీసిన ఎలుకల్ని ఈ తొట్టిలో వదిలితే అవి దాగి ఉన్న దిమ్మ చోటు సరిగ్గా నేర్చుకోలేకపోయాయి. దిమ్మని నీటి పైకి కనపడేలా పెడితే మాత్రం చక్కగా వెళ్లాయి. అంటే ఈతా, చూపూ బాగానే ఉన్నాయి, పోయింది చోటు జ్ఞాపకం.

అలవాటైన దారి సంగతి వేరు, దానికి కాడేట్ అనే ఇంకో భాగం ఉంది. 1996లో ప్యాకార్డ్, మెక్‌గా ప్లస్ ఆకారపు దారుల్లో ఎలుకలకి తిండి వెతకడం నేర్పి, తర్వాత ఎదురు వైపు నుంచి వదిలి చూశారు. 8వ రోజు ఎక్కువ ఎలుకలు చోటు గుర్తుపెట్టుకుని వెళ్లాయి, 16వ రోజుకి ఒకే పక్కకి తిరిగే అలవాటు మీద వెళ్లాయి. కానీ 16వ రోజు కాడేట్‌ని మందుతో మొద్దుబారిస్తే పాత చోటు జ్ఞాపకం మళ్లీ బయటికొచ్చింది! రోజూ వెళ్లే కాలవ వంతెన కూలిపోతే లాకుల మీదుగా చుట్టు తిరిగి ఊరు చేరతాం చూడండి, హిప్పోకాంపస్ అవసరం పడేది అలాంటప్పుడు.

ఇక చీకటి. 1971లో జాన్ ఓకీఫ్, డోస్ట్రోవ్‌స్కీ హిప్పోకాంపస్‌లో ప్లేస్ సెల్స్ కనిపెట్టారు, ఎలుక ఒక ఫలానా చోటికి వస్తేనే మోగే, అంటే విద్యుత్ సంకేతాలిచ్చే, కణాలు. ఎలుక చోటు చూసుకున్నాక లైటు ఆపేసినా వాటిలో చాలా కణాలు అక్కడే మోగుతాయి, ఎందుకంటే ఎంత దూరం నడిచిందో ఎటు తిరిగిందో మెదడు లెక్క కట్టుకుంటూనే ఉంటుంది. ఆ లెక్కలో గ్రిడ్ సెల్స్ అనే ఇంకో రకం కణాలకి ముఖ్యమైన పాత్ర ఉందంటారు, వాటిని మోసర్ దంపతుల బృందం 2005లో హిప్పోకాంపస్ పక్కనున్న ఎంటోరైనల్ కార్టెక్స్ అనే భాగంలో చూపించింది. ఓకీఫ్‌కీ మోసర్ దంపతులకీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది.

తొట్టి చిన్నది, చేను పెద్దది కదా అనొచ్చు. 2008లో 18 మీటర్ల పొడవు దారిలో ఎలుకల్ని పరుగెత్తించి చూస్తే హిప్పోకాంపస్ ఒక కొసన ఉన్న కణాలు మీటరు లోపు జాగాకే మోగాయి, రెండో కొసన ఉన్నవి దాదాపు 10 మీటర్ల మేర మోగాయి. కలుగు నోరూ, గట్టు పొడవూ రెండూ ఒకే మెదడులో పట్టేది అందుకే అని నా నమ్మకం.