బౌండరీ లేయర్ వదిలేసి సీఎఫ్‌డీ ఉద్యోగం చేయవచ్చా?

ప్రశ్న: మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సీఎఫ్‌డీ (ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతి) సాఫ్ట్‌వేర్ బాగానే వాడగలను కానీ, లామినార్ (సాఫీగా సాగే), టర్బులెంట్ (సుడులతో కలగలిసే) బౌండరీ లేయర్ల విశ్లేషణ ఎంత చదివినా పట్టుబడడం లేదు. దాన్ని వదిలేసి సాఫ్ట్‌వేర్ మీదే దృష్టి పెట్టవచ్చా?

జవాబు: దయచేసి వదిలేయకండి. ద్రవమైనా వాయువైనా దాని స్నిగ్ధత (జిగట) ప్రభావం ప్రధానంగా గోడను ఆనుకొని ఉన్న పలుచని పొరకే, అంటే బౌండరీ లేయర్‌కే, పరిమితమవుతుందని 1904లో హైడెల్‌బర్గ్ గణిత సదస్సులో జర్మన్ శాస్త్రవేత్త ప్రాంట్‌ల్ ప్రతిపాదించారు. రెక్క మీద ఘర్షణ ఎంత, టర్బైన్ బ్లేడుకు వేడి ఎంత చేరుతుంది, ప్రవాహం ఉపరితలాన్ని ఎక్కడ విడిచిపోతుంది అన్నవి తేలేది ఆ పొరలోనే. మీరు కోరుకుంటున్న ఉద్యోగాల్లో అడిగేవీ ఇవే.

ఒక మీటరు పొడవున్న నున్నని పలక మీదుగా సెకనుకు 10 మీటర్ల వేగంతో గాలి వీస్తోందనుకోండి. చివరి అంచు దగ్గర రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహ జడత్వానికీ స్నిగ్ధతకూ నిష్పత్తి) దాదాపు 6.7 లక్షలు. ప్రవాహం లామినార్ నుంచి టర్బులెంట్‌గా మారే చోట ఈ సంఖ్యను సాధారణంగా 5 లక్షలుగా తీసుకుంటారు కాబట్టి, సుమారు 75 సెంటీమీటర్ల దాకా లామినార్ అనుకోవచ్చు. చివరిదాకా లామినార్‌గానే ఉంటే అక్కడ పొర మందం 6 మిల్లీమీటర్లు. మొదటి అంచు నుంచే టర్బులెంట్ అయితే 25 మిల్లీమీటర్లు, చివరి అంచు దగ్గర ఘర్షణ లామినార్‌కు సుమారు అయిదు రెట్లు. టర్బులెంట్ పొరను గోడ వరకూ లెక్కించాలంటే, అంటే వై ప్లస్ (గోడ నుంచి దూరాన్ని ప్రమాణాలు లేకుండా చెప్పే సంఖ్య) విలువ 1 దగ్గర ఉండాలంటే, మెష్‌లో (లెక్క కోసం ప్రవాహాన్ని విడగొట్టే గడుల వలలో) గోడ పక్కన మొదటి గడి ఎత్తు 0.03 మిల్లీమీటర్ల స్థాయిలో ఉండాలి. ఈ అంచనా వేసుకోకుండా మెష్ గీసినా సాఫ్ట్‌వేర్ ఫలితం ఇస్తుంది, రంగులూ అందంగానే వస్తాయి, ఘర్షణ విలువ మాత్రం తప్పుతుంది. ఆ తప్పును పసిగట్టే మనిషి కోసమే సంస్థలు జీతం ఇస్తాయి.

నేర్చుకునే దారి మీరు భయపడుతున్నంత కష్టమైనది కాదు. ముందు పొర మొత్తానికీ ఒకేసారి ద్రవ్యవేగం లెక్క కట్టే కార్మాన్ మొమెంటమ్ ఇంటిగ్రల్ సమీకరణాన్ని పట్టుకోండి. లామినార్ పొరలో వేగం గోడ నుంచి దూరంతో మూడో ఘాతపు బహుపదిలా మారుతుందని ఊహించి కాగితం మీద చేస్తే ఘర్షణ గుణకం సూత్రంలో స్థిరాంకం 0.646 వస్తుంది, ప్రాంట్‌ల్ శిష్యుడు బ్లాసియస్ 1908లో ఇచ్చిన పరిష్కారంలో అది 0.664. అంత చిన్న ఊహతో అంత దగ్గరికి రావడం ఒక్కసారి మీ చేత్తో చూశాక ఈ అధ్యాయం మీద భయం చాలావరకు పోతుంది. టర్బులెంట్ భాగానికి అంత శుభ్రమైన ఉత్పాదన లేదు, ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రాల మీద ఆధారపడక తప్పదు, అందుకు నిరుత్సాహపడకండి.

పరిశోధన వైపు వెళ్లాలంటే పీజీ దాదాపు తప్పనిసరి. ఏ దారిలో వెళ్లినా, ఇదే పలకను సాఫ్ట్‌వేర్‌లో నడిపి, మీ చేతి లెక్కనూ ఆ ఫలితాన్నీ ఒకే గ్రాఫ్‌లో గీసి ప్రాజెక్ట్ నివేదికలో పెట్టండి. మొదటి అంచుకు మరీ దగ్గరలో రెండు గీతలూ కలవవు, ఎందుకంటే పొర పలుచనిదన్న ఊహ అక్కడ నిలవదు. ఇంటర్వ్యూలో ఆ చోటును మీరే వేలితో చూపించి కారణం చెప్పండి.