పాత 100 డాలర్ల నోటు చెల్లుతుందా? – సమాధానం

మీ నాన్నగారి ట్రంకుపెట్టెలో దొరికిన నోటు 1990 సిరీస్ అన్నారు, దాని మీది మనిషి బొమ్మ చిన్నగా ఉందని మారకం షాపువాళ్లు వద్దన్నారని రాశారు. టెన్షన్ పడకండి. అసలుదైతే అది ఇప్పటికీ చెల్లుతుంది. అమెరికా ప్రభుత్వం పాత నోట్లను రద్దు చేయలేదు. 1996లో బొమ్మ పెద్దదైంది, 2013లో నీలం పట్టీ వచ్చింది, అంతే తేడా. మీ అక్క తెచ్చిన 100 డాలర్ల నోటు కొత్త డిజైన్ కాబట్టి రెండూ వేరుగా కనిపిస్తున్నాయి.

అసలుదో కాదో ఇలా చూడండి. కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. బొమ్మకి ఎడమవైపు కాగితం లోపల నిలువుగా సన్నటి దారం, దాని మీద ‘యూఎస్ఏ 100’ అని ఇంగ్లీషులో అక్షరాలు కనబడాలి. కాగితంలో ఎరుపు, నీలం నూలుపోగులు కలిసిపోయి ఉంటాయి. పైన అచ్చువేసినట్టుంటే అనుమానించాలి.

నోటు మీద బొమ్మలో ఉన్నాయన ఏ అధ్యక్షుడని అడిగారు కదా, ఆయన బెంజమిన్ ఫ్రాంక్లిన్, అసలు అధ్యక్షుడే కాదు. 1776 చివర్లో, డెబ్బై ఏళ్ల వయసులో ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్లి, 1778లో ఆ దేశంతో మైత్రి ఒప్పందం కుదిర్చిన దౌత్యవేత్త. ఆ సాయం లేకపోతే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం గెలవడం చాలా కష్టమయ్యేది. 1783లో బ్రిటన్‌తో శాంతి ఒప్పందం మీదా ఆయన సంతకం ఉంది. నోటు వెనక ఉన్న భవనం ఫిలడెల్ఫియాలోని ఇండిపెండెన్స్ హాల్.

ఇక్కడ తీసుకోకపోతే, అమెరికా వెళ్లే మీవాళ్లెవరికైనా ఇచ్చి అక్కడి బ్యాంకులో వేయించండి. మడత మాత్రం పెట్టొద్దు.