బింగ్‌లో వస్తున్న సైట్ గూగుల్‌లో ఎందుకు రావట్లేదు?

సైట్ పెట్టి నెల దాటింది, బింగ్‌లోనూ డక్‌డక్‌గోలోనూ వస్తోంది, గూగుల్‌లో మాత్రం జాడ లేదు అన్నారు. డబ్బు కడితే వందల సెర్చ్ ఇంజిన్లలో చేర్పిస్తామని మెయిల్ వచ్చింది, కట్టాలా అని అడిగారు. ముందు ఆ రెండోదానికి జవాబు: కట్టకండి.

వందల ఇంజిన్లు అనేది పేరుకే. వెబ్ అంతా తిరిగి, పేజీలు చదివి, పెద్ద ఎత్తున సొంత ఇండెక్స్ (ఏ పేజీలో ఏముందో రాసుకున్న జాబితా) తయారుచేసుకునేవి కొన్నే. గూగుల్, బింగ్, యాండెక్స్, బైడు, చిన్నవాటిలో బ్రేవ్, మోజీక్ లాంటివి. మిగతావాటిలో చాలా వరకు వీళ్ల దగ్గర తెచ్చుకుని చూపించేవే. డక్‌డక్‌గోలో మామూలు లింకులు ఎక్కువగా బింగ్ నుంచే వస్తాయి. మీ సైట్ రెండింట్లోనూ కనిపించడానికి కారణం అదే. డాగ్‌పైల్ లాంటి మెటాసెర్చ్ ఇంజిన్లయితే మీరు వెతికినప్పుడు వేరే ఇంజిన్లను అడిగి, వచ్చినవన్నీ కలిపి పెడతాయి. వాటిలో ఎవరైనా ఏం చేర్పిస్తారు?

సైట్‌ను చేర్పించడం డైరెక్టరీల కాలం నాటి పద్ధతి. 1994లో మొదలైన యాహూ డైరెక్టరీలో, 1998లో వచ్చిన డీమోజ్‌లో మనుషులే సైట్లు చూసి వర్గాల కింద సర్దేవారు. మనం వివరాలు పంపి ఎదురుచూడాలి. మొదటిది 2014 చివర్లో, రెండోది 2017 మార్చిలో మూతపడ్డాయి. ఆ మెయిళ్లు మాత్రం ఆగలేదు!

ఇక గూగుల్ సంగతి. నేను చిన్న సంస్థలకు సైట్లు చూసిపెడుతుంటాను. అచ్చం మీలాంటి కేసే ఒకటి వచ్చింది. కంటెంట్ బాగానే ఉంది, సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల జాబితా ఫైల్) ఉంది. సైట్‌కు ఎవరెవరు వచ్చారో నమోదయ్యే సర్వర్ లాగ్ తెరిచి, పేజీలు చదవడానికి ఇంజిన్లు పంపే ప్రోగ్రాంల, అంటే బాట్ల పేర్లతో వెతికాను. బింగ్‌బాట్ వరుసల్లో అన్నీ 200, అంటే పేజీ అందింది. గూగుల్‌బాట్ వచ్చిన ప్రతిసారీ 403, అంటే అనుమతి లేదు. తలుపు దాకా వచ్చి వెనక్కి పోతోందన్నమాట. గూగుల్‌బాట్ పేరు పెట్టుకుని తిరిగే దొంగ బాట్లు బోలెడు. వాటిని ఆపడానికి హోస్టింగ్ వాళ్లు ఫైర్‌వాల్‌లో పెట్టిన రూల్ అసలు దాన్నీ ఆపేస్తోంది. పేరు ఒకటే చూసి నమ్మకూడదు, ఐపీ అడ్రస్ ఎవరి పేరు మీద ఉందో చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్‌తో చూసి, వచ్చిన పేరు తిరిగి అదే ఐపీకి చేరుతోందో సరిచూస్తే అసలుదో కాదో తేలిపోతుంది. హోస్టింగ్ వాళ్లకు ఆ వరుసలు పంపి రూల్ మార్పించాక, కొన్ని రోజుల్లో హోమ్ పేజీ వచ్చింది, మిగతావి మెల్లగా చేరాయి.

మీదీ అదే అని చెప్పలేను. సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో సైట్ చేర్చి, యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో మీ పేజీ అడ్రస్ ఇచ్చి లైవ్ టెస్ట్ నొక్కండి. గూగుల్‌కు పేజీ అందుతోందో లేదో అక్కడే తెలుస్తుంది. ఫ్రీ కూడా. 403 అని చూపిస్తే హోస్టింగ్ వాళ్లను పట్టుకోండి. లైవ్ టెస్ట్‌కు ముందు, అడ్రస్ ఇవ్వగానే కనిపించే ఫలితంలో పేజీ తెలుసు గానీ ఇంకా చదవలేదు అనే అర్థంలో వస్తే, ఇప్పటికే గూగుల్‌లో ఉన్న ఏదైనా సైట్ నుంచి మీకు లింక్ ఉండేలా చూసుకోండి. అక్కడే చదివాను కానీ ఇండెక్స్‌లో పెట్టలేదు అని వస్తే మాత్రం సెట్టింగులతో పని జరగకపోవచ్చు, పేజీలో సరుకు పెంచాలి. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి రోజూ అక్కడి రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్ నొక్కుతుంటారు. ఎన్నిసార్లు నొక్కినా క్యూలో ముందుకు జరగరు.

ఇంకో మాట. మీ సైట్‌కు పెట్టుకున్న ప్లగిన్‌లో (అదనపు పనులకు జోడించే ప్రోగ్రాంలో) ఇండెక్స్‌నౌ ఆన్‌లో ఉందేమో చూడండి. మార్పు జరగగానే ఇంజిన్లకు కబురు పంపే ఆ పద్ధతిని 2021లో బింగ్, యాండెక్స్ మొదలుపెట్టాయి. గూగుల్ దానిలో చేరలేదు. బింగ్‌లో మీరు ముందుగా కనిపించడానికి అదొక్కటే కారణమైతే, గూగుల్ విషయంలో అసలు సమస్యే లేకపోవచ్చు, ఇంకొన్ని వారాలు ఆగి చూడండి. లైవ్ టెస్ట్‌లో ఏం వచ్చిందో ఇక్కడ పెడితే మిగతాది చూద్దాం.