ఎయిర్ ఫిల్టర్ మార్చబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బండికి కంపెనీ వేసిన పేపర్ ఫిల్టర్ తీసేసి, కడిగి మళ్ళీ మళ్ళీ వాడుకునే ఫిల్టర్ వెయ్యాలనుకుంటున్నావని రాశావు. పికప్ పెరుగుతుందా, ఏ రకం కొనాలి, ఎలా బిగించాలి అని మూడు ప్రశ్నలు అడిగావు. మూడింటికీ చెప్తాను. కానీ నువ్వు అడగనిదే అన్నిటికన్నా ముఖ్యం: ఫిల్టర్ అంచు, అది కూర్చునే గాలి డబ్బాకి ఎంత బిగువుగా అతుక్కుంది అన్నది. ఎంత మంచి ఫిల్టరైనా పక్కన సన్నని సందు ఉందంటే గాలి ఆ సందులోంచి దూరుతుంది, దుమ్మునీ తోడు తీసుకుపోతుంది.

ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. మనకి అర్థమయ్యే కొలతలో చెప్పాలంటే లీటరు పెట్రోలుకి దాదాపు 9,000 లీటర్ల గాలి. 150 సీసీ ఇంజను 8,000 ఆర్‌పీఎం మీద, అంటే నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకోసారి చొప్పున నిమిషానికి 4,000 సార్లు గాలి పీలుస్తుంది, లెక్కప్రకారం 600 లీటర్లు. ఆ గాలిలో వచ్చే రోడ్డు దుమ్ములో చాలా భాగం ఇసుక రేణువులే. పిస్టన్ రింగుకీ, పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడకీ (దాన్నే బోరు అంటారు) మధ్యనుండే ఆయిల్ పొరలోకి అవి చేరాయంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. కంప్రెషన్ పడిపోతుంది, ఇంజను ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. ఒక్క రోజులో బయటపడేది కాదిది. బయటపడేనాటికి బోరు పని తప్పదు.

ఇక పికప్ సంగతి. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టుంచి ఫిల్టర్ ఒక్కటే మారిస్తే, మనం తిరిగే 150, 200 సీసీ బళ్ళలో వచ్చే తేడా సీటు మీద కూర్చున్నవాడికి తెలిసేంత ఉండదు. మార్చిన రోజు బండి హుషారుగా పోతున్నట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ పూడుకుపోయిన పాత పేపరు స్థానంలో కొత్త పేపరు వేసినా అలాగే అనిపించేది. కాబట్టి పవరు కోసమైతే ఆశ తగ్గించుకో. కడిగి వాడుకోవడం కోసం, ప్రతిసారీ కొత్తది కొనే పని తప్పించుకోవడం కోసం అయితే నిక్షేపంగా మార్చు.

కొనేముందు ఇప్పుడున్నది తీసి చూడు. మడతల కాగితం వేలికి జిడ్డుగా తగిలితే అది ఆయిల్ పట్టించిన పేపరు. దాన్ని కడగకూడదు, గాలి కొట్టకూడదు, పాడైతే మార్చడమే. గాలి కొడితే దుమ్ముని పట్టి ఉంచే ఆ జిడ్డూ చెడుతుంది, కాగితమూ చిరుగుతుంది. పొడి కాగితమైతే లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో, కాస్త దూరం నుంచి గాలి పట్టొచ్చు. కాగితాన్ని తక్కువగా చూడకు. సన్నని దుమ్ముని ఆపడంలో అది చాలా గట్టిది.

కడిగి వాడుకునేవాటిలో నీకు పనికొచ్చేవి రెండు. ఒకటి కాటన్ ఫిల్టర్. రెండు తీగ జాలీల మధ్య పలచని నూలు గుడ్డ పొరలు మడతలుగా ఉంటాయి, వాటికి ప్రత్యేకమైన ఆయిల్ పట్టిస్తారు. దుమ్మును ఆపే పనిలో సగం ఆ ఆయిల్‌దే. ఆయిల్ లేకుండా వేస్తే అది జల్లెడతో సమానం. రెండోది ఫోమ్. మట్టిదారుల్లో, పొలం గట్ల మీద తిరిగే బండికి ఫోమ్ మేలు. ఎంతో దుమ్ము పట్టినా గాలిని త్వరగా అడ్డుకోదు, ఉతకడం తేలిక. నువ్వు తారు రోడ్డు మీదే ఎక్కువ తిరుగుతావు కాబట్టి నీ బండి మోడల్‌కే చేసిన, పాతదాని స్థానంలో సరిగ్గా కూర్చునే కాటన్ ఫిల్టర్ తీసుకో. ఆయిల్, క్లీనర్ కూడా అదే రకానివి కొను. ఫోమ్ ఆయిల్ చిక్కగా, బంకగా ఉంటుంది, కాటన్‌కి పట్టిస్తే గాలి ఆడదు. ఇంజన్ ఆయిల్ అసలే వద్దు. అది నిలవదు, కిందికి జారిపోతుంది, పైభాగం పొడిగా మిగిలిపోతుంది.

డబ్బా పీకేసి, గాలినీ పెట్రోలునీ కలిపే కార్బొరేటర్ మూతికి నేరుగా బిగించే గుండ్రటి ఫిల్టర్లు చూసి మోజు పడకు. ఆ డబ్బా ఖాళీ పెట్టె కాదు. దాని సైజు, గొట్టం పొడవు, మూతి వెడల్పు అన్నీ లెక్కగట్టి చేసినవి. కింది, మధ్య ఆర్‌పీఎంలో ఇంజనుకి గాలి నిలకడగా అందేది దానివల్లే. అది తీసేస్తే శబ్దం పెరుగుతుంది, ట్రాఫిక్‌లో లాగుడు తగ్గుతుంది, ఇంజను పక్కనున్న వేడి గాలి లోపలికి పోతుంది, వానకి ఫిల్టర్ తడిసి ముద్దవుతుంది. పైగా ఇంజను లోపలి ఆవిర్లని బయటికి వదిలే బ్రీదర్ పైపు చాలా బళ్ళలో ఆ డబ్బాకే వచ్చి కలుస్తుంది. పొగ తగ్గించడానికి సైలెన్సర్ వైపు గాలి పంపే పైపు కూడా కొన్నిట్లో అక్కడినుంచే వెళ్తుంది. డబ్బా తీసి ఆ పైపుల్ని గాలికి వదిలేస్తే అవి నేరుగా దుమ్ముని పీలుస్తాయి. పికప్ కోసం చేసిన పని మొదటికే మోసం తెస్తుంది.

బిగించే రోజు ముందుగా సీటు, సైడ్ ప్యానెల్ తీసి, డబ్బా మూత తెరవకుండానే చుట్టూ తడిగుడ్డతో తుడువు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మూత మీది మట్టి, మూత తియ్యగానే లోపలికి రాలుతుంది. పాత ఫిల్టర్ తీసిన మరుక్షణం ఇంజను వైపు గొట్టంలో శుభ్రమైన గుడ్డ కుక్కు. దాని కొస బయటికి బాగా వేలాడనీ, బిగించేటప్పుడు మర్చిపోకుండా.

ఇప్పుడు గుడ్డ కాస్త పక్కకి జరిపి, ఆ రబ్బరు గొట్టం లోపలి గోడ మీద చూపుడువేలు ఒకసారి రాయి. వేలు శుభ్రంగా వస్తే, లేదా కాస్త ఆయిల్ చెమ్మ తగిలితే పర్వాలేదు. వేలికి బూడిదరంగు పొడి అంటి, బొటనవేలితో నలిపితే సన్నని ఇసుకలా కరకరమంటే దుమ్ము ఫిల్టర్ దాటుతోందన్నమాట. అప్పుడు ఫిల్టర్ మార్చితే సరిపోదు. రబ్బరు గొట్టం పగిలిందేమో, క్లాంపు వదులైందేమో, డబ్బా మూత వంగిందేమో వెతికి సరిచేశాకే కొత్తది వెయ్యి.

డబ్బా లోపల తడిగుడ్డతో తుడిచి, అడుగున ఉండే డ్రెయిన్ పైపు మూత తీసి చూడు. కొద్దిగా నీళ్ళో, నల్లటి జిడ్డో రావడం మామూలే. కారేంత ఆయిల్ వస్తే మాత్రం ఇంజన్ ఆయిల్ ఎక్కువ పోశారని, లేదా రింగులు అరిగాయని అర్థం. దాని సంగతి చూడకపోతే కొత్త ఫిల్టర్ కూడా నాలుగు రోజుల్లో తడిసిపోతుంది.

ఫిల్టర్ రబ్బరు అంచుకి, అంచుకి మాత్రమే, నీళ్ళకి కరగని గ్రీజు పలచగా రాయి. గుడ్డ తీసేసి ఫిల్టర్ కూర్చోబెట్టి మూత బిగించు. వెంటనే మళ్ళీ విప్పి చూడు. మూత అంచు మీద గ్రీజు గుర్తు చుట్టూ తెగకుండా పడితే సీలు బాగున్నట్టు. ఎక్కడైనా తెగితే సందు అక్కడే ఉంది. మూత స్క్రూలు ప్లాస్టిక్‌లోకి దిగేవైతే, ముందు వెనక్కి తిప్పు. టక్కుమని పాత మరలో పడుతుంది, అప్పుడు ముందుకి తిప్పి చేతిబలంతో ఆపు. మర చెడిందంటే ఆ మూత ఇక ఎప్పటికీ సరిగ్గా బిగియదు.

పెట్రోలు సర్దుబాటు గురించి. ఇంజెక్షన్ బండి అయితే, డబ్బా అలాగే ఉండి ఫిల్టర్ ఒక్కటే మారితే ఏమీ చెయ్యనక్కర్లేదు. నింపాదిగా పోయేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని తేడా సర్దుకుంటుంది. కార్బొరేటర్ బండైతే కాస్త గమనించాలి. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే లీన్ అవుతుంది: ఎక్సలేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపా శబ్దం, ఇంజను వేడెక్కడం, ప్లగ్గు తెల్లగా మారడం. ప్లగ్గు లేత గోధుమరంగులో ఉంటే దాని జోలికి పోకు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టు, లేదా ఫిల్టర్‌కి ఆయిల్ ఎక్కువ పట్టించినట్టు.

లీన్ అయితే ఎక్కడ ఇబ్బంది పెడుతోందో ముందు పట్టుకో. జెట్టు అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే సన్నని రంధ్రం. స్లోలో అయితే పైలట్ జెట్టు, దాని స్క్రూ చూడు. పావు నుంచి ముప్పావు ఎక్సలేటర్ మధ్య అయితే కార్బొరేటర్ లోపలి సూదికున్న క్లిప్పుని ఒక గాడి కిందికి మార్చు, సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఫుల్ ఎక్సలేటర్‌లో అయితే మెయిన్ జెట్టు ఒక్క సైజు పెంచు. ఫుల్‌లో పోతూ కొంచెం వదిలితే బండి ఇంకా బాగా లాగిందంటే మెయిన్ జెట్టు చిన్నదన్నమాట. ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఉతకడం తొందరపెట్టే పని కాదు. కాటన్ ఫిల్టర్‌ని మెల్లగా తట్టి దుమ్ము రాల్చి, రెండు వైపులా క్లీనర్ కొట్టి 10 నిమిషాలు ఉంచు, ఆరిపోనివ్వకు. తర్వాత సన్నని ధారతో చల్లటి నీళ్ళు లోపలి వైపు నుంచి బయటికి పొయ్యి. బయటినుంచి పోస్తే మురికి లోపలికి తోసినట్టే. విదిలించి నీడలో పూర్తిగా ఆరనివ్వు, రాత్రంతా పట్టినా సరే. గాలి మిషను, హెయిర్ డ్రయ్యర్ వద్దు. నూలు కుంచించుకుపోతుంది, పోగులు విడిపోతాయి.

ఆరాక ప్రతి మడత నెత్తి మీదా సన్నగా ఒక గీతలా ఆయిల్ వేసి 20 నిమిషాలు ఆగు. ఆయిల్‌కుండే ఎర్రరంగు నూలులోకి నెమ్మదిగా పాకుతూ మడత లోతుదాకా దిగడం కనిపిస్తుంది. ఇంకా తెల్లగా మిగిలిన చోట్ల మాత్రం ఒక్కొక్క చుక్క అంటించు. ఒత్తితే కారేలా ఉంటే ఎక్కువైంది, శుభ్రమైన గుడ్డతో అద్దు.

రేపెప్పుడైనా ఫోమ్‌కి మారితే, పెట్రోలుతో కడగకు. అతికించిన జిగురు ఊడుతుంది, నిప్పు ప్రమాదం కూడా. ఫోమ్ క్లీనర్‌తోనో కిరోసిన్‌తోనో జిడ్డు తీసి, సబ్బునీళ్ళలో అరచేతుల మధ్య ఒత్తుతూ ఉతుకు. బట్ట పిండినట్టు మెలిపెట్టావా, చిరుగుతుంది. ఆరాక ప్లాస్టిక్ కవర్లో వేసి ఆయిల్ పోసి పిసికితే అన్ని వైపులా సమానంగా పడుతుంది.

ఎప్పుడు ఉతకాలంటే, ఇంజన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ తెరిచి చూడు, కానీ చూసిన ప్రతిసారీ ఉతకకు. బయటి తీగ జాలీ కనిపిస్తున్నంతకాలం ఫిల్టర్ పనిచేస్తోంది. దుమ్ము జాలీని కప్పేసినప్పుడు ఉతుకు. కొద్దిగా దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్తదానికన్నా సన్నని దుమ్ముని బాగా ఆపుతుంది. ఆరగా ఆరగా రంగు వెలిస్తే మళ్ళీ ఆయిల్ పట్టించి చూడు. మడతల్లో వెలుతురుకి పట్టి చూస్తే సూదిమొన అంత బెజ్జం కనపడినా, రబ్బరు అంచు గట్టిపడి పగుళ్ళిచ్చినా, మొహమాటం లేకుండా కొత్తది వెయ్యి.

పాత పేపర్ ఫిల్టర్ ఇంకా బాగుంటే పారెయ్యకు, కవర్లో చుట్టి దాచు. కాటన్‌ది ఉతికి ఆరేసిన రాత్రి పొద్దున్నే బండి కావాల్సొస్తే అది పనికొస్తుంది, తడి ఫిల్టర్ బిగించే అవసరం రాదు. ఉతికిన తేదీ, మీటరు మీద కిలోమీటర్లు రాసిన చీటీ ఒకటి సీటు కింద అతికించుకో. వేలితో రాసి చూసినప్పుడు గొట్టంలో ఏం తగిలిందో నాకు తప్పకుండా రాయి.

ఉంటాను,
మీ మామయ్య