అర్హత నిబంధనల దగ్గరే మొదలుపెట్టు

చి. అమ్మలుకు,

మామయ్య ఆశీస్సులు. అమెరికాలో సిటీ బడ్జెట్ ఆఫీసులో చేరావని, కోవిడ్ రికవరీ నిధుల పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. నా సర్వీసంతా అక్కడ అలాంటి ఆఫీసుల్లోనే గడిచింది కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

2021 మార్చిలో వచ్చిన అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టం రాష్ట్రాలకు, కౌంటీలకు, నగరాలకు, గిరిజన ప్రభుత్వాలకు కలిపి 35 వేల కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బు దేనికి వాడాలో ఒప్పందాలు చేసుకునే గడువు 2024 డిసెంబరుతోనే అయిపోయింది. డబ్బు మాత్రం 2026 డిసెంబరు 31 లోపు ఖర్చు కావాలి. పెద్ద నగరాలు ట్రెజరీకి, అంటే ఫెడరల్ ఆర్థిక శాఖకు, పంపే రికవరీ ప్లాన్ నివేదికలో జాతుల మధ్య సమానత్వం గురించి ప్రత్యేకంగా రాయమన్నారు. ఆ పేజీలు ఎవరైనా అందంగా రాయగలరు. ఒక నల్లజాతి కుటుంబానికి డబ్బు చేరిందా లేదా అన్నది తేలేది మాత్రం దరఖాస్తు ఫారంలో.

ఇళ్ల మరమ్మతు పథకాన్నే తీసుకో. కప్పు కారుతున్న ఇంట్లో మనవరాలు ముప్పై ఏళ్లుగా ఉంటోంది, పన్ను కడుతోంది. డీడ్, అంటే ఇంటి హక్కు పత్రం, మాత్రం చనిపోయిన అమ్మమ్మ పేరు మీదే ఉంది. మన ఊళ్లలో పాస్‌బుక్ తాత పేరు మీదే ఉండిపోయి రైతుకు సాయం అందకపోవడం లాంటిదే ఇది. ఫిలడెల్ఫియాలో ఇలా చిక్కుపడ్డ ఇళ్లు పది వేలకు పైగా ఉన్నాయని 2021లో ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్కగట్టింది. నల్లజాతి వాళ్లుండే పేటల్లోనే ఇవి ఎక్కువ. ‘డీడ్ కాపీ జతచేయాలి’ అని ఫారంలో రాసే ఒక్క వాక్యం వీళ్లందరినీ బయటకు తోసేస్తుంది. వారసత్వపు ఇళ్ల విషయంలో వేరే రుజువు లేకపోతే సొంత ధ్రువీకరణ సరిపోతుందని ఫెడరల్ విపత్తు సహాయ సంస్థ ఫెమా అదే ఏడాది నిబంధన మార్చింది. విపత్తు సాయంలో వాళ్లు ఒప్పుకున్నదాన్ని మీ సిటీ ఎందుకు ఒప్పుకోకూడదో మీ లీగల్ వాళ్లని అడుగు.

డెట్రాయిట్ వాళ్లు వృద్ధుల, వికలాంగుల ఇళ్లకు కప్పులు, కిటికీలు వేయించిన పథకంలో మళ్లీ ఆదాయం రుజువు అడగలేదు. పేదరికం వల్ల ఆస్తి పన్ను మినహాయింపు పొందినవాళ్లనే తీసుకున్నారు. మంచి ఆలోచన. కాకపోతే ఆ మినహాయింపు గురించే తెలియనివాళ్లు మిగిలిపోతారు. ముందు వాళ్ల తలుపు తట్టాలి.

జాతి పేరు నేరుగా అర్హతలో రాయకు. 2021లో రెస్టారెంట్ల సహాయ నిధిలో మహిళలకు, మాజీ సైనికులకు, వివక్షకు గురైన వర్గాల యజమానులకు ముందు వరస ఇచ్చారు. దాని మీద కేసులు పడ్డాయి, కోర్టులు తప్పుబట్టాయి. అప్పటికే మంజూరైందని తెలిసిన దాదాపు మూడు వేల మందికి డబ్బు రాదని చెప్పాల్సి వచ్చింది. ఎవరికి మేలు చేయబోయారో వాళ్లకే దెబ్బ తగిలింది. ఇప్పుడైతే ఈ విషయంలో గాలి ఇంకా మారింది. సమానత్వం మీద 2021లో ఇచ్చిన ఫెడరల్ ఉత్తర్వు 2025 జనవరి 20న రద్దయింది. అందుకని ఎవరికి ఎంత నష్టం జరిగిందో, ఏ పేటలో జరిగిందో చూపించి రాయి. 1930లలో ఇక్కడ ఇంటి అప్పు ఇవ్వడం ప్రమాదమని మ్యాపుల్లో ఎర్ర రంగు పూసిన పేటల్లో చాలావాటికి ఈరోజుకీ పేదరికం వదల్లేదు. పేదరికం ఎక్కువగా ఉన్న జనగణన ప్రాంతాలని ఫెడరల్ గృహనిర్మాణ శాఖ గుర్తించిన జాబితా ఉంది, వాడుకో. కానీ దాన్నే నమ్ముకోకు. యూనివర్సిటీ పక్కన ఆదాయం లేని విద్యార్థులు ఉండే చోటు కూడా అందులోకి వచ్చేస్తుంది.

చిన్న సంస్థల సంగతి మరీ ముఖ్యం. పేటలో అందరికీ తెలిసిన చర్చి, ఇద్దరు ఉద్యోగులున్న సంఘం, వీళ్లకి ‘ముందు ఖర్చు పెట్టండి, బిల్లులు తెస్తే ఇస్తాం’ అంటే పని జరగదు. వాళ్ల దగ్గర రెండు నెలల జీతాలకే డబ్బుండదు. చివరికి ఊరికి అవతల ఉన్న పెద్ద సంస్థే కాంట్రాక్టు తీసుకుంటుంది. ఫెడరల్ నిబంధనలు అడ్వాన్సు ఇవ్వొద్దనవు. ఇవ్వొద్దనేది చాలాసార్లు మన ఫైనాన్స్ వాళ్ల అలవాటే. దాని గురించి గట్టిగా పట్టుబట్టు, నీకు కొత్త అని మొహమాటపడకు.

ప్రతి నెలా ఒక లెక్క తియ్యి. ఎవరు దరఖాస్తు మొదలుపెట్టారు, ఏ కాగితం దగ్గర ఆగిపోయారు, ఎవరికి కాదన్నారు, ఏ పేట, ఏ భాష. డబ్బు ఇచ్చినవాళ్ల లెక్క ఒక్కటే చూస్తే ఆగిపోయినవాళ్లు కనబడరు. ఏడాది చివర రిపోర్టులో తెలిస్తే మార్చడానికి ఏమీ మిగలదు.

ఈ వారం ఆ మరమ్మతు ఫారం పట్టుకుని దగ్గర్లోని లైబ్రరీకి వెళ్లి, దరఖాస్తుకు వచ్చిన ఒక పెద్దావిడ పక్కన కూర్చుని మొత్తం నింపించు. తర్వాత ఖాళీ ఫారం నాకు మెయిల్ చెయ్యి. ఏ ప్రశ్నలు తీసేయొచ్చో గుర్తుపెట్టి పంపిస్తాను.

ఉంటాను,
మీ మామయ్య