బ్లూ స్క్రీన్ తర్వాత రీస్టార్ట్ అయితే డంప్ ఎక్కడ దొరుకుతుంది?

మిర్యాలగూడ రైస్ మిల్లులో కాంటా దగ్గరి కంప్యూటర్ బ్లూ స్క్రీన్ వచ్చి దానంతటదే రీస్టార్ట్ అయిందని, కారణం ఎలా పట్టుకోవాలని అడిగారు.

ఆధారం మెమరీ డంప్‌లో, అంటే కూలిన క్షణంలో మెమరీలో ఉన్నదాని నకలులో ఉంటుంది. సిస్టమ్ కూలిన క్షణంలో డిస్క్‌లో ఫైళ్లను చూసుకునే ఫైల్ సిస్టమ్‌ను నమ్మలేం, రాయబోతే ఉన్న ఫైళ్లూ పాడవచ్చు. అందుకే విండోస్ మెమరీని ముందు పేజ్‌ఫైల్‌లోకి (మెమరీ చాలనప్పుడు వాడుకోవడానికి డిస్క్‌లో ముందే కేటాయించిన ఫైల్) దింపి, మళ్లీ ఆన్ అయ్యాక విండోస్ ఫోల్డర్‌లో ‘మెమరీ డాట్ డీఎంపీ’గా దాస్తుంది. నీలి తెర మీద కదిలే శాతం ఈ పనిదే. టెన్షన్‌తో పవర్ బటన్ నొక్కకండి, 100 అయ్యేదాకా ఆగండి. పేజ్‌ఫైల్ తీసేసి ఉంటే సాధారణంగా డంప్ రాదు.

ఇంకోసారి క్రాష్ అయితే పాతదాని మీదే కొత్తది పడుతుంది. ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. లినక్స్ అయితే ఇలా డంప్ తీసే కేడంప్ అనే ఏర్పాటును ముందే పెట్టుకోవాలి.