పేపర్లు సర్దుకునేదెలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి అండీ, దేశవాళీ వరి మీద పీహెచ్‌డీ చేస్తున్నా. ల్యాప్‌టాప్‌లో నాలుగొందల పేపర్లున్నాయి, సగం "డౌన్‌లోడ్ 3" లాంటి పేర్లతోనే, ప్రింట్లేమో అట్టపెట్టెల్లో. లైబ్రరీల్లో పుస్తకాలకి సబ్జెక్ట్‌వారీగా వేసే డ్యూయీ నంబర్లు వేసుకోమంటున్నారు, వేసుకోనా?

జవాబు: వద్దమ్మా. డ్యూయీ 1876లో లైబ్రరీ పుస్తకాల కోసం వచ్చింది, అందులో వరి అంటే 633.18, నీ పేపర్లు దాదాపు అన్నీ అక్కడే గుట్టపడతాయి. నాకైతే మన లైబ్రరీ శాస్త్రవేత్త రంగనాథన్ గారు పుస్తకాల వర్గీకరణకి 1933లో తెచ్చిన కోలన్ పద్ధతిలోని ఆలోచనే నచ్చుతుంది, ఒకే గూట్లో కుక్కకుండా ఏ పంట, ఏ భాగం, ఏం పరిశీలించారు, ఎక్కడ, ఎప్పుడు అని విడివిడిగా అడగడం. పేపర్లు దాచి సర్దిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో పేపర్ వేసి ఇవే ట్యాగులు పెట్టు: వరి, వేరు, కరువు, కొరాపుట్, 2015. ఒకే పేపర్‌ని కాపీ చెయ్యకుండా నాలుగు ఫోల్డర్లలో చూపిస్తుంది, ఫ్రీ కూడా. ఒక్కటి మాత్రం చూస్కో, 2011కి ముందు పేపర్లలో ఒరిస్సా అనే ఉంటుంది, ఒడిశా అని వెతికితే అవి దొరకవు, అందుకే ట్యాగ్ ఒక్కటే స్పెల్లింగ్‌లో ఉంచు.

ప్రింట్లని సబ్జెక్ట్‌వారీగా సర్దకు, వచ్చిన వరసలో 1, 2, 3 అని పైన మూల మీద పెన్నుతో రాసి, అదే నంబర్ జొటెరోలో ఎక్కించెయ్. రోజుకి ఇరవై చెయ్యి చాలు, ముందు ఇప్పుడు రాస్తున్న చాప్టర్‌వి.